సంఘ సభ్యుల పరిచయ వ్యాసములు : వ్రాయు విధానము

ఒకే వృత్తిలో జీవించువారు తమ క్షేమము కొరకును, తమ వృత్తి గౌరవము కొరకును ఏర్పరచుకొన్న కూటమినే వృత్తి సంఘమందురు. వైద్యులకు, నర్సులకు, ఉపాధ్యాయులకు, న్యాయవాదులకు, గ్రంథపాలకులకు, పశువైద్యులకు ఇట్టి సంఘములు కలవు. మన దేశమున నర్సుల సంఘము 1908లోను, వైద్యుల సంఘము 1928లోను ఏర్పడినవి. గ్రంథాలయోద్యమమునకు ఆయువుపట్టయిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము 1914లో విజయవాడలో వెలసినది. ఇట్టి సంఘములు పత్రికలనో, ప్రత్యేక సంచికలనో ప్రచురించుచుండును. ఆ పుటలలో తీర్మానములు, జమాఖర్చులు, ఎన్నికల ఫలితములు, అధ్యక్షుని సందేశము తప్పక ఉండును. వాటి నడుమ ఒక సభ్యుని గూర్చిన పరిచయ వ్యాసమును వేయుట పరిపాటి. పాఠకుడు ఆసక్తితో తెరచునది ఆ పుటయే. అయినను చాల సంచికలలో మిక్కిలి నిస్సారముగా ఉండునదియు ఆ పుటయే.

ఈ లోపమునకు కారణమేమి? పరిచయ వ్యాసమును ఎట్లు వ్రాసిన చదువరి చివరివరకు విడువక చదువును? మన మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల ఉదాహరణములతో ఈ విషయమును విచారింపదలచితిమి. మన విద్యార్థులలో అనేకులు రేపు ఏదో ఒక వృత్తిలో ప్రవేశించి, ఏదో ఒక సంఘమున సభ్యులగుదురు. వారిలో కొందరికి ఈ పుట వ్రాయు పని తప్పక పడును. కనుక ఇది వారికి ఉపయోగపడు పాఠమని మా నమ్మకము.

పూర్వుల బాట

ఒక వ్యక్తిని కొలది పుటలలో చూపు కళ మన రెండు భాషలకును క్రొత్త కాదు. తెలుగున గురజాడ శ్రీరామమూర్తి 'కవి జీవితములు', కందుకూరి వీరేశలింగము 'ఆంధ్రకవుల చరిత్రము' రచించి ఈ మార్గమును తీర్చిరి. ఉర్దూ సాహిత్యమున కవుల పరిచయములను కూర్చిన గ్రంథమును తజ్కిరా అందురు. మీర్ తఖీ మీర్ 1752లో కూర్చిన 'నికాతుష్షుఅరా' పారసీ భాషలో ఉన్నను, అది ఉర్దూ కవుల తొలి తజ్కిరాలలో ఒకటి. 1880లో ముహమ్మద్ హుసేన్ ఆజాద్ రచించిన 'ఆబె హయాత్' కవులను కన్నులకు కట్టునట్లు చూపి, పేర్ల పట్టికవంటి దానిని కథవలె నడిపించినది.

పిదప ఉర్దూలో ఖాకా అను ప్రక్రియ పెరిగినది. ఖాకా అనగా రేఖాచిత్రము. హైదరాబాదు రాజ్యమున ఉద్యోగించిన ఫర్హతుల్లా బేగ్ తన గురువగు డిప్యూటీ నజీర్ అహమదును గూర్చి వ్రాసిన ఖాకా నేటికిని ఆదర్శముగా నిలిచి ఉన్నది. అందు గురువు పాండిత్యముతోపాటు ఆయన వేషము, మాట తీరు, ధనము విషయమున ఆయన పట్టుదల కూడ దాపరికము లేక కానవచ్చును. అయినను చదివిన వానికి ఆ గురువుపై గౌరవము పెరుగునేగాని తరుగదు. లోపమును చెప్పుట నిందించుట కాదను సత్యమును ఈ రచన నిరూపించును.

మన పాఠమునకు మరింత దగ్గరగా ఉన్నది మౌల్వీ అబ్దుల్ హఖ్ రచన. ఆయన 'చంద్ హమ్ అస్ర్' అను తన గ్రంథమున మహాపురుషుల సరసన ఔరంగాబాదు మఖ్బరా తోటలోని నామ్‌దేవ్ అను తోటమాలికి స్థానమిచ్చెను. ఆ తోటమాలి మొక్కలను బిడ్డలవలె పెంచుట, నీటి ఎద్దడి కాలమున దూరమునుండి నీరు మోసి వాటిని బ్రతికించుట, బహుమతి ఇవ్వబోగా బిడ్డలను పెంచుటకు బహుమతి ఎందుకని వలదనుట, తుదకు పనిలో మునిగియుండి తేనెటీగల బారిన పడి మరణించుట అందు వర్ణితములు. ఆ రచయిత పండితుడు, సంస్థల నాయకుడు. ఆ తోటమాలి పదవి లేనివాడు, దళితుడు. ఆ పుటలే లేకున్న ఆ పనివాని పేరు నేడు ఎవరికి తెలియును? పరిచయ వ్యాసమునకు గల శక్తి ఇదియే. దానిని వ్రాయువానిపై బడు బాధ్యత కూడ ఇదియే.

ఎవరిని ఎన్నుకొనవలెను

సంఘ సంచికలను వరుసగా తిరుగవేసిన ఒక సంగతి బోధపడును. పరిచయములన్నియు అధ్యక్షులవి, కార్యదర్శులవి, సన్మానములు పొందినవారివి. ముప్పది సంవత్సరములు చందా చెల్లించి, ఓటు వేసి, సభలలో వెనుక వరుసను కూర్చున్న సభ్యుని ముఖము ఆ పుటలలో ఒక్కమారైనను కానరాదు. స్త్రీ సభ్యుల సంగతి మరియు శోచనీయము. ఒక సంఘము తనదేనని సభ్యుడు తలచుటకు గాని, తనది కాదని తొలగుటకు గాని ఇట్టి చిన్న విషయములే కారణములగును.

కావున ఎన్నికకు ఒక నియమమును పాటించుట మేలు. ఏడాదిలో వెలువడు పరిచయములలో సగమైనను పదవి లేనివారివిగా ఉండవలెను. పట్టణమువారితోపాటు పల్లెలో పనిచేయువారు, పెద్దలతోపాటు క్రొత్తగా చేరినవారు ఉండవలెను. పదవీ విరమణకు చేరువలో ఉన్నవారిని ముందుగా ఎన్నుకొనవలెను. ఏలయన వారి జ్ఞాపకములు వారితోనే పోవు ప్రమాదము కలదు.

ఈ ప్రమాదము ఎంతటిదో మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమును చూచిన తెలియును. క్షయరోగులకై అచ్చట 1915లో ప్రారంభమైన యూనియన్ మిషన్ శానిటోరియమునకు డేనిష్ వైద్యుడగు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ తొలి అధికారి. ఆ దినములలో క్షయకు తగిన ఔషధము లేదు. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, కొన్ని శస్త్రచికిత్సలు, ఇవియే ఆధారములు. 1940ల తుదినుండి ఔషధములు వచ్చినవి. 1950 నుండి 1955 వరకు మదనపల్లె పరిసర గ్రామములలో క్షయవ్యాప్తిని గూర్చి పెద్ద పరిశీలన జరిగినది. దాని ఫలితములను జోహన్నెస్ ఫ్రిమోట్ మోలర్ 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికయందు ప్రకటించెను. ఈలోపల, 1959లో ప్రకటితమైన మద్రాసు పరిశోధన, ఇంటివద్ద ఉండి మందు వాడిన రోగికిని శానిటోరియములో ఉన్న రోగికిని గుణము సమానమే యని తేల్చి, లోకమంతట క్షయ చికిత్సా పద్ధతిని మార్చివేసినది.

ఈ చరిత్ర గ్రంథములలో ఉన్నది. కాని మంచముల వరుసల నడుమ రాత్రులు గడపిన నర్సు, గ్రామములలో ఇల్లిల్లు తిరిగి జనులను పరీక్షకు ఒప్పించిన పనివాడు, చిత్రపటములు తీసిన ఎక్స్‌రే సహాయకుడు, వీరు ఏమి చూచిరి, ఏమి నేర్చిరి అనునది అట్టి గ్రంథములలో ఉండదు. దానిని పదిలపరచగలది వారి సంఘ పత్రికలోని పరిచయ పుటయే. ఆ కాలపు సాక్షులు నేడు మిక్కిలి అరుదు. అడుగవలసిన దినమున అడుగనిచో, పిమ్మట అడుగుటకు మనిషి ఉండడు.

ముందస్తు సన్నాహము, ప్రశ్నలు

సభ్యుని కలిసికొనుటకు ముందు అతని వృత్తిని గూర్చి కొంత చదివి వెళ్ళవలెను. పుట్టిన తేదీ, చదివిన పాఠశాల, చేరిన సంవత్సరము, బదిలీల వరుస మున్నగువాటిని ముందుగనే కాగితముపై వ్రాయించి తీసికొనిన, ముఖాముఖిగా గడపు కాలము మాటలకు మిగులును.

పెద్దవారిని వారికి అలవాటైన పిలుపుతో పలుకరింపవలెను. ఉర్దూ ఉపాధ్యాయినిని ఆపా అని, వృద్ధుడగు గురువును ఉస్తాద్ అని, తెలుగు పంతులుగారిని మాస్టారు అని పిలిచిన సంభాషణకు తలుపు తెరచుకొనును. ఇంటి భాషలోనే మాటలాడనీయవలెను. దక్కనీ ఉర్దూలో చెప్పిన ముచ్చటను తరువాత తెలుగున వ్రాసికొనవచ్చును. తెలుగునే చెప్పుమని నిర్బంధించిన ఆ ముచ్చటలోని సారము పోవును.

ప్రశ్న అడుగు తీరుననుసరించి జవాబు వచ్చును. మీ వృత్తి మీకు తృప్తినిచ్చినదా అని అడిగిన, ఇచ్చినదను మాట తప్ప మరేమియు రాదు. అందులకు బదులు ఈ క్రింది విధముగా అడిగి చూడుడు:

1. నిన్న ఉదయము పనిలో ప్రవేశించినది మొదలు ఏమేమి చేసితిరి?
2. మీరు చేరిన దినములలో ఉండి నేడు లేని పనిముట్టు ఏది? క్రొత్తగా వచ్చినదేది?
3. ఈ పనిలో క్రొత్తవాడు మొదట చేయు పొరపాటు ఏది? దానిని మీరు ఎట్లు కనిపెట్టుదురు?
4. మీ పనిని మీకు నేర్పినవారెవరు? ఎట్లు నేర్పిరి?
5. గతమున సరియని తలచి చేసి, నేడు వేరుగా తలచుచున్న పని ఏదైనను కలదా?

ఐదవ ప్రశ్న మిక్కిలి విలువైనది. పుంగనూరు ప్రాంతమున పనిచేసిన పశువైద్యుని ఈ ప్రశ్న అడిగినట్లు ఊహింతము. పుంగనూరు ఆవు లోకమున మిక్కిలి పొట్టి జాతులలో ఒకటి. దాని ఎత్తు సుమారు 70 నుండి 90 సెంటీమీటర్లు. అనగా నిలుచున్న మనిషి నడుము వరకు. కొద్ది మేతతో బ్రతుకును. పాలు కొద్దియే అయినను వెన్నశాతము 8 వరకు ఉండునని ప్రసిద్ధి. అధిక పాల కొరకు విదేశీ జాతులతో సంకరము చేయు విధానము వ్యాపించిన దశాబ్దములలో ఈ జాతి క్షీణించినది. పిమ్మట దానిని కాపాడవలెనను తలంపు కలిగి, పలమనేరు పశుపరిశోధనా కేంద్రమున మందను పోషించుట జరిగినది. ఒకే ఉద్యోగ జీవితమున సంకరమునకు సూదులు వేసి, తరువాత స్వజాతిని నిలుపుటకు పాటుపడిన వైద్యుడు ఉండుట అసంభవము కాదు. అతడు తప్పుచేసినవాడు కాడు. పేదరైతుకు పాలు కావలసిన కాలమున పాల కొరకు పనిచేసెను. ఈ రెండు కాలముల నడుమ అతని మనస్సున జరిగిన మార్పును నెమ్మదిగా అడిగి వ్రాసినచో, ఆ వ్యాసము ఒక వ్యక్తి పరిచయమై ఆగక, ఆ వృత్తి చరిత్రయే యగును.

విశేషణములు వలదు, పని చెప్పవలెను

నిరాడంబరులు, స్నేహశీలి, సేవాతత్పరులు, అజాతశత్రువులు అను మాటలు ఏ సభ్యుని పేరుకైనను అతుకును. ఎవరికైనను అతుకునది ఎవరిని గూర్చియు చెప్పజాలదు. ఈ భేదమును మన ఊరి చరిత్రనుండియే గ్రహింపవచ్చును. మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల ప్రిన్సిపాలుగా ఉండిన జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్సును గూర్చి సంగీతాభిమానము గల విదుషీమణి యని వ్రాసిన చదువరికి ఏమియు మిగులదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లెకు వచ్చి జనగణమన గీతమును ఆలపింపగా, ఆమె ఆ పాట స్వరములను వ్రాసిపెట్టిన దని వ్రాసినచో, ఆమె విద్యయు, వినికిడియు, ఆ ఘడియ విలువయు ఒక్క వాక్యమున తెలియును. టాగూరు ఆ గీతమునకు ఆంగ్లానువాదమును కూడ అచ్చటనే చేసెను. పని చెప్పిన చాలును. గుణము దానంతట అదే తెలియును.

ఇప్పుడు ఒకే మనిషిని రెండు విధములుగా చూపుదము. ఈ నర్సు మా ఊహలోని వ్యక్తి.

మొదటి విధము: ఫలానా గారు ముప్పదినాలుగు సంవత్సరములు అవిరళ సేవ చేసి అందరి మన్ననలు పొందినారు. రోగులను కన్నబిడ్డలవలె చూచుకొనెడివారు. వీరి సేవలు చిరస్మరణీయములు.

రెండవ విధము: ఫలానా గారు రోగి మాత్ర మింగుట కన్నులార చూచినగాని పుస్తకములో గుర్తు పెట్టెడివారు కారు. గడియారము చూడనేరని వృద్ధులకు మందు వేళలను నమాజు వేళలతో ముడివేసి చెప్పెడివారు. ఫజర్ తరువాత ఒకటి, ఇషా తరువాత ఒకటి. హిందువులకు దీపము పెట్టు వేళను గుర్తుగా చెప్పెడివారు. తమ తరువాత వచ్చిన నర్సులకు ఆమె నేర్పిన మొదటి పాఠము ఇదియే.

రెండవ దానిలో ప్రశంసా వాక్యము ఒక్కటియు లేదు. అయినను ఆమెపై గౌరవము కలుగుచున్నది. అంతకంటె ముఖ్యముగా, అది చదివిన మరియొక నర్సు రేపు తన వార్డులో ఆ ఉపాయమును వాడుకొనగలదు. వృత్తి సంఘపు పరిచయ వ్యాసము పాఠకునికి ఉపయోగపడవలె నన్నది ఇందువలననే.

వృత్తి పదములను వాడుటలోను ఇదే జాగరూకత అవసరము. నీరుగట్టువారిపల్లె పట్టుచీరెల నేతగానిని గూర్చి వ్రాయునపుడు మగ్గము, పడుగు, పేక, జరీ అను మాటలనే వాడవలెను. మదనపల్లె టమోటా మండీ వ్యాపారి వేలము, కమీషను అనిన, వాటినే వ్రాయవలెను. వారి నోటిమాటను తొలగించి నిఘంటువునుండి పెద్ద పదమును తెచ్చి పెట్టిన, వ్యాసము వారికే అర్థము కాకపోవును.

పేర్లు, భాషలు

మూడు రాష్ట్రముల సరిహద్దులు చేరువైన కుప్పము ప్రాంతమున తెలుగు, తమిళము, కన్నడము, ఉర్దూ నాలుగును వినవచ్చును. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము అచ్చట వెలయుట ఈ బహుభాషా జీవనమునకు తగియే ఉన్నది. అచ్చటి ఉపాధ్యాయుని పరిచయము వ్రాయువాడు పేరు వద్దనే తొట్రుపడును. పేరునకు ముందున్న అక్షరము తెలుగువారిలో సాధారణముగా ఇంటిపేరును, తమిళులలో తండ్రి పేరును సూచించును. ముస్లిం సోదరుల పేర్లకు ముందు షేక్, సయ్యద్, పఠాన్ అను మాటలు ఉండవచ్చును. అవి వ్యక్తి నామములు కావు. ఉర్దూలోని కొన్ని ధ్వనులకు తెలుగు లిపిలో సరియైన అక్షరములు లేనందున ఫజల్ అనునది పజల్ అని అచ్చగు ప్రమాదము కలదు. కావున పేరును సభ్యుని చేతనే తెలుగునను, ఉర్దూ తెలిసిన వారైన ఉర్దూలోను వ్రాయించుకొనవలెను. తన పేరే తప్పుగా అచ్చయిన పరిచయమును ఏ సభ్యుడు తన బిడ్డలకు చూపుకొనును?

వ్యాస నిర్మాణము

ఫలానా గ్రామమున ఫలానా సంవత్సరమున జన్మించిరి అను వాక్యముతో ప్రారంభించుట పాత అలవాటు. అది తప్పు కాకున్నను, చదువరిని ముందుకు నడుపజాలదు. ఆ వ్యక్తి పనిలో నిమగ్నమైయున్న ఒక ఘట్టముతోనో, ఆ వృత్తిలో అందరిని వేధించు ఒక చిక్కుతోనో ప్రారంభింపవలెను. జన్మస్థలము, చదువు, ఉద్యోగముల వరుస రెండవ మూడవ పేరాలలో క్లుప్తముగా రావచ్చును. నడుమ భాగమున ఒకటి రెండు సంఘటనలను మాత్రమే తీసికొని విపులముగా చెప్పవలెను. పది సంఘటనలను పేర్కొన్న ఒక్కటియు మనస్సున నిలువదు. కష్టములను, వైఫల్యములను దాచరాదు. ముగింపున ఆశీర్వచనములకు బదులు ఆ సభ్యుడు తోటివారికి చెప్పదలచిన మాటనో, ఇంకను చేయవలసియున్న పనినో చెప్పి విరమింపవలెను. సంచికలో రెండు పుటలు, సుమారు ఏడెనిమిది వందల పదములు చాలును. ఛాయాచిత్రము పూలదండతో కాక, పనిచేయుచోట తీసినదై యుండవలెను.

పాటింపవలసిన ధర్మములు

మొదటిది అనుమతి. సభ్యుడు ఇష్టపడని సంగతిని, అది ఎంత రుచికరమైనను, వ్రాయరాదు. స్త్రీ సభ్యులు తమ ఛాయాచిత్రమును గాని, కుటుంబ వివరములను గాని వలదనిన, ఆ కోరికను చర్చ లేక మన్నింపవలెను. వారి పనిని వర్ణించుటకు ముఖచిత్రము అవసరము లేదు.

రెండవది మూడవవారి రహస్యము. నర్సు పరిచయమున రోగి, న్యాయవాది పరిచయమున కక్షిదారు, ఉపాధ్యాయుని పరిచయమున విద్యార్థి తప్పక తొంగిచూతురు. పేరు తీసివేసిన చాలునని తలపరాదు. చిన్న ఊరిలో వీధి, వయస్సు, రోగము ఈ మూడును చెప్పిన మనిషిని గుర్తించుట కష్టము కాదు. క్షయవంటి వ్యాధి సోకిన కుటుంబములకు పెండ్లి సంబంధములు తప్పిపోయిన దినములు మన పెద్దలకు తెలియును. ఒక మంచి వ్యాసము కొరకు ఒక కుటుంబమునకు హాని కలుగరాదు.

మూడవది సరిచూచుట. తేదీలను, పదవులను, సంఖ్యలను కాగితములతో పోల్చి చూడవలెను. ముద్రణకు ముందు వ్యాసమును సభ్యునకు చదివి వినిపింపవలెను. వాస్తవముల తప్పులను వారు దిద్దవచ్చును. కాని వినయముచే తమ కృషిని తగ్గింపుమన్నను, గర్వముచే హెచ్చింపుమన్నను, రచయిత నెమ్మదిగా నచ్చచెప్పి సత్యముననే నిలువవలెను.

నాల్గవది నిష్పక్షపాతము. ఎన్నికల ముందు ఒక అభ్యర్థి పరిచయమును ప్రచురించుట, చందా ఎక్కువ ఇచ్చినవానికి పుట కేటాయించుట సంఘమునకు చేటు. ఒక్కమారు ఆ పుట అమ్ముడుపోయినదను అనుమానము కలిగిన, తరువాతి నిజమైన పరిచయమును కూడ ఎవరును నమ్మరు.

విద్యార్థులకును, కార్యవర్గమునకును

పాఠము అభ్యాసముతోగాని పూర్తికాదు. విద్యార్థులు ఇద్దరిద్దరు చొప్పున, ఒకరు ఉర్దూ తెలిసినవారు, ఒకరు తెలుగు తెలిసినవారు, జతకూడి, తమ ఊరిలో ఏదో ఒక వృత్తిలో ఇరువది సంవత్సరములు గడపిన ఒకరిని కలిసికొని, పైని ఐదు ప్రశ్నలను అడిగి, రెండు పుటల పరిచయమును రెండు భాషలలోను వ్రాయవలెనని మా సూచన. వ్రాసిన పిదప అందలి విశేషణములనన్నిటిని ఎఱ్ఱ సిరాతో కొట్టివేసి మరల చదువుడు. మిగిలినదానిలో మనిషి కనబడుచుండిన వ్యాసము సిద్ధమైనట్లే. కనబడకున్న మరల వెళ్ళి అడుగవలెను.

కళాశాల కార్యవర్గమువారు ప్రతి వార్షిక సంచికలోను ఇట్టి పరిచయములకు కొన్ని పుటలు కేటాయించి, ఉపన్యాసకులతోపాటు ప్రయోగశాల సహాయకుని, గ్రంథాలయ ఉద్యోగిని, గంట కొట్టు జవానును కూడ అందు చేర్పవలెనని మనవి. వ్రాతప్రతులను కళాశాల గ్రంథాలయమున భద్రపరచిన, యాబది సంవత్సరముల పిదప మన ప్రాంతపు వృత్తుల చరిత్రను వ్రాయువానికి అంతకంటె మంచి ఆధారము దొరకదు. నామ్‌దేవ్‌వంటి పనివారు మన వీధులలోను ఉన్నారు. వారి వద్దకు కాగితము, కలము పట్టుకొని పోవలసినది మన విద్యార్థులే.